కదిరి ఏ జిల్లాలో ఉంది?

యూఆర్ఎల్‌ని చేత్తో రాయొద్దు, ఫ్రేమ్‌వర్కుని అడిగి తీసుకోండి అని టీములో కొత్తగా చేరిన కుర్రాళ్ళకి చెప్తూ ఉంటాను. ఎందుకని అడిగితే కదిరి కథ మొదలుపెడతాను. వాళ్ళు నావైపు అదోలా చూస్తారనుకోండి, అది వేరే సంగతి.

1800లో నిజాం మా కరువు సీమని ఇంగ్లీషువాళ్ళకి ధారపోశాడు. దత్తమండలాలు అన్నారు. (రాయలసీమ అన్న పేరు 1928లో నంద్యాల సభల్లో పెట్టుకున్నది.) మన్రో దొర కలెక్టరుగా అనంతపురంలోనే ఉండేవాడు. 1808లో ఆ సీమని బళ్ళారి, కడప జిల్లాలుగా విడగొట్టారు. అనంతపురం బళ్ళారి కింద ఉండి 1882లో సొంత జిల్లా అయింది. కదిరి తాలూకా మాత్రం 1910 దాకా కడపలోనే ఉంది, అప్పుడు తెచ్చి అనంతపురంలో కలిపారు. 1953లో మద్రాసు పోయి ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. 2022 ఏప్రిల్ 4న జిల్లాని రెండు చేశారు. 63 మండలాల్లో 31 అనంతపురానికి, 32 శ్రీ సత్యసాయి జిల్లాకి. కదిరి రెండోదాంట్లోకి వెళ్ళింది.

ఊరు అంగుళం కదల్లేదు. నరసింహస్వామి గుడి ఉన్నచోటే ఉంది. మారిందల్లా ఊరికి ముందు రాసే దారి: మద్రాసు/కడప/కదిరి, తర్వాత మద్రాసు/అనంతపురం/కదిరి, ఇప్పుడు ఆంధ్రప్రదేశ్/శ్రీసత్యసాయి/కదిరి.

మన ప్రోగ్రాముల్లో జరిగేదీ అచ్చం ఇదే. టెస్టు మెషీనులో అప్లికేషను సైటు మొదట్లోనే కూర్చుంటుంది. అసలు సర్వరులో దాన్ని ఏ పోర్టల్ అన్న ఫోల్డరు కిందో తగిలిస్తారు. పేజీల్లో చేత్తో రాసుకున్న లంకెలన్నీ ఆ దెబ్బకి గల్లంతు. సీజీఐ, పీహెచ్‌పీ రోజుల్లో ఫైలు ఎక్కడుంటే అదే అడ్రసు, ఫైలు జరిగితే వెతుక్కోవాల్సిందే. 2004లో రైల్స్, 2005లో జాంగో వచ్చాక రూటుకి పేరు పెట్టుకుని, ఆ పేరు చెప్పి అడ్రసు అడిగే పద్ధతి జనానికి బాగా అలవాటైంది. "కదిరి మండలం పేజీ కావాలి" అంటే ఈరోజు దారి ఏదో అదే కట్టి ఇస్తుంది. ముందు ఏ ఫోల్డరు తగిలించాలో కూడా దానికే తెలుసు. ఇంకో లాభం మన తెలుగువాళ్ళకి ఎక్కువ తెలుస్తుంది. 'అనంతపురం' అన్న మాటని యూఆర్ఎల్‌లో పెట్టాలంటే ఒక్కో యూనికోడు అక్షరానికి మూడు బైట్లు, ఒక్కో బైటుకి శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు. మొత్తం 72. ఇది చేత్తో రాసే పనా చెప్పండి!

అయితే ఫ్రేమ్‌వర్కు చూసుకునేది మన సైటు లోపలి లంకెల్ని మాత్రమే. బయటివాళ్ళు రాసుకున్నవాటి మాటేమిటి? అసలు బాధ అక్కడ. మా జిల్లా సైటు ఒకప్పుడు ఎన్ఐసీ అడ్రసులో అనంతపూర్ అని ఉండేది, ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వం అడ్రసులో అనంతపురము అని ఉంది. జేఎన్‌టీయూ 2008లో ముక్కలయ్యాక ఇక్కడి దానికి వేరే అడ్రసు వచ్చింది. పేర్లు మారక తప్పదు, దానికి ఎవరినీ తప్పుపట్టను. కానీ ఏడాదికి 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే చోట మండలాలవారీ వర్షపాతం పట్టిక ఉత్త అంకెలు కాదండీ. కరువు మండలం అని ప్రకటించారా లేదా, వేరుశనగ బీమా లెక్క ఎలా కట్టారు అని రైతు నిలదీయాలంటే కావలసిన కాగితం అది. ఒక ఆఫీసు పెట్టిన అలాంటి పట్టికల లంకెలు కొన్ని దాచుకున్నాను. సైటు కొత్తది చేశాక నొక్కితే పేజీ లేదంటుంది. పట్టిక ఎక్కడో ఉండే ఉంటుంది, దారే లేదు.

మంచి అడ్రసులు మారవు అని టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే ఒక వ్యాసం రాశాడు. నా దృష్టిలో అది సగమే సాధ్యం. జిల్లా పేరుని అడ్రసులో ఇరికిస్తే ఎప్పుడో ఒకప్పుడు మారుతుంది. అందుకే ఊరికి దాని దారితో పనిలేని గుర్తు ఒకటి ఉండాలి. తపాలావాళ్ళు 1972లో పెట్టిన పిన్‌కోడు అలాంటిదే. జిల్లా మారినా కదిరిది 515591గానే ఉంది. 2011 జనగణనలో ఒక్కో ఊరికీ ఇచ్చిన ఆరంకెల కోడు ఇంకా నయం, దేశం మొత్తంలో అది ఆ ఒక్క ఊరిదే.

అడ్రసులో కోడు పెట్టి, జిల్లా పేరు పక్కన అలంకారానికి ఉంచుకోవచ్చు. పాత అడ్రసుకి వచ్చినవాళ్ళని 301 అని కొత్తదానికి పంపడం అప్లికేషను రాసినవాడి బాధ్యత. తెలుగు వికీపీడియాలో వ్యాసాన్ని కొత్త పేరుకి తరలిస్తే మామూలుగా పాత పేరు మీద దారిమార్పు పేజీ మిగులుతుంది. జీతం తీసుకోకుండా పనిచేసే వికీవాళ్ళకి కుదిరిన పని అది.