నీటి మసక, మనిషి జాడ

మంత్రాలయంలో తుంగభద్ర రేవున నా విద్యార్థి ఒకడు తీసిన ఫోటో నా బల్లమీద ఉన్నది. అందులో నది లేదు. బండల నడుమ తెల్లని పొగ ఉన్నది. చూసినవారంతా "ఎంత ప్రశాంతంగా ఉన్నదో!" అన్నారు. ఆ ఉదయం నేనూ అక్కడే ఉన్నాను. స్నానాలు చేసే యాత్రికులు, రాతిమీద బట్టలు బాదే ఆడవాళ్లు, నీళ్లలోకి దూకే పిల్లలు, రేవంతా ఒకటే గోల. వాళ్లెవరూ బొమ్మలో లేరు. కుర్రవాడు వాళ్లను చెరిపివేయలేదు. కెమేరాను మూడుకాళ్ల స్టాండుమీద నిలిపి, లెన్సుకు నల్లటి అద్దం తొడిగి, షట్టరును ముప్ఫై సెకండ్లు తెరిచి ఉంచాడు. కదిలినవారు కరిగిపోయారు. బండలు మిగిలాయి.

ఈ మసక సౌందర్యకాంక్షలోనుంచి పుట్టినది కాదు, చేతకానితనంలోనుంచి పుట్టినది. 1838లో దగేర్ పారిస్‌లో ఒక రద్దీవీధిని పైనుంచి ఫోటో తీశాడు. నిమిషాల తరబడి వెలుగు తగిలితేగాని ఆనాటి వెండిపూత రేకుమీద బొమ్మ పడేది కాదు. బండ్లు, గుర్రాలు, జనం అంతా మాయమై వీధి శ్మశానంలా కనిపిస్తుంది. ఒక మూల మాత్రం బూట్లకు పాలిష్ పెట్టించుకుంటూ కాలు చాపి నిలబడిన మనిషి దక్కాడు. పాలిష్ పెడుతున్నవాడు చేతులాడించాడు గనుక మసకబారాడు. పని చేయించుకున్నవాడు చరిత్రకెక్కాడు, పని చేసినవాడు మరకగా మిగిలాడు. ఇందులో కుట్ర ఏమీ లేదు. రేకు స్వభావమే అంత. కాని ఆ స్వభావానికి ఎవరు బలి అయ్యారో గమనించవద్దా?

1851లో తడిప్లేటు వచ్చాక నిమిషాలు సెకండ్లకు దిగాయి. అయినా 1872లో మైబ్రిడ్జ్ యోసెమిటీలో తీసిన జలపాతాలు తెల్లదుప్పట్లవలెనే ఉన్నాయి. 1871లో మాడక్స్ ప్రతిపాదించిన జెలటిన్ పొడిప్లేటు క్రమంగా మెరుగుపడి ఆ తర్వాతి దశాబ్దంలో వ్యాప్తిలోకి వచ్చింది. అప్పటినుంచి నీటిని ఆపి చూపడం సామాన్యమైపోయింది. గత్యంతరం లేక వచ్చిన మసక, గత్యంతరం దొరికాక అభిరుచి అయి కూర్చున్నది!

మన సీమకు వస్తే ఇదే కథ మరో రూపంలో కనబడుతుంది. 1876-78 కరువులో హూపర్ అనే సైనికాధికారి మద్రాసు రాజధానిలో ఆకలితో ఎండిన మనుషులను వరుసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఆనాటి ప్లేటు నిశ్చలత్వాన్ని కోరేది. కదలడానికి ఓపికలేనివారి ఎముకలు అందులో ఎంతో స్పష్టంగా పడ్డాయి. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనంలో దాదాపు నాలుగోవంతు తగ్గిపోయింది. అలా పోయినవారిలో ఫోటోకెక్కినవారు ఎందరు?

అందుకే కరువుసీమలో నీటిని పాలవెల్లిగా చూపేటప్పుడు నాకు గుండె కలుక్కుమంటుంది. షట్టరు ఎక్కువసేపు తెరిస్తే సన్నటి ధార కూడా బండలను కప్పే తెరవలె విచ్చుకుంటుంది. ఇక్కడ కాసేపు, అక్కడ కాసేపు పారిన నీరంతా ఒకేసారి పారినట్లు పోగవుతుంది. 1953లో హొసపేట దగ్గర ఆనకట్ట పూర్తయిన తర్వాత మంత్రాలయం నీరు ఎగువ గేట్లమీద కూడా ఆధారపడి ఉన్నది. ఎండాకాలం మడుగులనుంచి కారే ఆ కాస్త నీటిని ముప్ఫై సెకండ్ల ఫోటో నిండునదిగా చేస్తుంది. 2009 అక్టోబరులో అదే నది మఠంలోకీ ఊళ్లోకీ దూరి సర్వం ముంచింది. ఆ వరదను అదే పద్ధతిలో తీస్తే అదీ పట్టుచీరే అయ్యేది.

అలాగని సెకండులో వెయ్యోవంతే సత్యమని నేననను. ఆ ఫోటోలో నీరు పగిలిన గాజుముక్కలవుతుంది. అటువంటి నదినీ ఏ కన్నూ చూడలేదు. ప్రవాహం కనబడాలంటే కొంత మసక కావలసిందే. ఎంత మసక, ఎవరిని పోగొట్టుకుని అన్నదే తేల్చుకోవలసిన సంగతి.

మా కుర్రవాడు మళ్లీ వెళ్లాడు. ఈసారి నల్లద్దం తీసేసి సెకండులో ఎనిమిదోవంతు పెట్టాడు. నీరు చారలు కట్టి ఎటు పారుతున్నదో తెలిసింది. బట్టలుతికే ఆమె నడుము, ముఖం నిలిచాయి. చేతులు, చీర మాత్రం తెల్లటి చాపమై గాలిలో మిగిలాయి. కెమేరా వెనక ఆ బొమ్మ చూపిస్తే ఆమె ఎగాదిగా చూసి, "నా చేతులు యాడికి పాయె నాయనా?" అన్నది.

"పనిలో ఉండాయమ్మా" అన్నాడు వాడు.