దోమల లెక్క, దవాఖానాల లెక్క

చాంద్రాయణగుట్టలో వయసు మళ్ళినవారు ఆసుపత్రికి బయలుదేరునప్పుడు చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి ఉండుట మనము చూచుచుందుము. అందులో మందుల చీటీలు, రక్తపరీక్షల కాగితములు, అంచులు నలిగిన ఎక్స్‌రేలు. బస్తీలోని వైద్యుడు వ్రాసినదియు, అఫ్జల్‌గంజ్‌లోని ఉస్మానియా ఆసుపత్రిలో వ్రాసినదియు ఆ సంచిలోనే కలిసికొనవలెను. సంచి ఇంటివద్ద మరచిరా, చేసిన పరీక్షయే మరల చేయింతురు. ఒకే మందు రెండు పేర్లతో రెండుసార్లు కడుపులోనికి పోవుటయు కలదు.

ఈ సంచి పనిని కంప్యూటర్లకు అప్పగించు ఏర్పాటును కేంద్ర ప్రభుత్వము 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ అను పేర దేశమంతటికిని విస్తరింపజేసెను. రోగికి 14 అంకెల సంఖ్య నిత్తురు. వివరములు పుట్టినచోటనే ఉండును; రోగి సమ్మతించినప్పుడే మరియొక వైద్యుని కంటబడును. ఏర్పాటు మంచిదే. అయితే దాని వలన మేలెంత కలుగునో తెలిసికొనుట ఎట్లు? ఎన్ని సంఖ్యలు పంచిరో లెక్కించుట సులభము. కాని సంఖ్య అందినంత మాత్రమున సంచి బరువు తగ్గదు.

ఇట్టి ప్రశ్నను కాగితముపై నమూనా కట్టి పరీక్షించు విద్యకు ఆద్యులలో ఒకడు మన నగరమున పనిచేసినవాడే. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రొనాల్డ్ రాస్, హుసేన్ ఖాన్ అను రోగిని కుట్టిన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూచెను. కుట్టిన దోమ ఒక్కింటికి అణా చొప్పున రోగికి ముట్టినది. 1902లో రాస్‌కు నోబెల్ బహుమతి వచ్చెను. ఇంతవరకు బడిపిల్లలకును తెలిసిన కథ. తరువాతి కథను తలచువారు తక్కువ.

ఆ సంవత్సరములలోనే లాహోరు సమీపమున మియాన్‌మీర్ దండులో దోమలను తగ్గించు ప్రయత్నము జరిగెను. జ్వరములు ఆశించినట్లు తగ్గలేదు. పద్ధతియే వ్యర్థమని పలువురు తీర్మానించిరి. రాస్ ఒప్పుకొనలేదు. ఎంత మేర శుభ్రపరచితిరి, వెలుపలి దోమలు ఎంతదూరము ఎగిరి రాగలవు అని అడిగెను. అడిగి ఊరకుండక, 1904లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరమున జరిగిన సభలో దోమల సంచారమును గణితముతో వివరించెను. పిమ్మట మారిషస్ వెళ్ళెను. కోరంగి రేవు నుండి పోయిన మన తెలుగు కూలీల సంతతివారు నేటికిని నివసించు ద్వీపమది. దానిపై 1908లో వెలువడిన నివేదికలో మలేరియా వ్యాప్తిని సమీకరణమునకు ఎక్కించెను. 1911 నాటి గ్రంథమున దానినే విస్తరించెను.

ఆ లెక్కలో తేలినది విచిత్రము. మలేరియా పోవుటకు కడపటి దోమను సహితము చంపనక్కరలేదు. మనిషికి ఇన్ని అను ఒక హద్దు కలదు. దోమలు అంతకు తగ్గినచో వ్యాధి తనంతట తానే సన్నగిల్లును. హద్దునకు మిక్కిలి పైన ఉన్నప్పుడు మాత్రము ఎంతో శ్రమపడి సగము దోమలను చంపినను ఫలము కంటికి కనబడకపోవచ్చును. ఫలము కనబడని ప్రయత్నమెల్ల పనికిరానిది కాదు. 1950ల నుండి అమెరికాలో జే ఫారెస్టర్ కర్మాగారముల సరకుల రాకపోకలను కంప్యూటరుపై నమూనాలుగా కట్టెను. నేడు వైద్యవ్యవస్థలను అంచనా వేయువారు ఈ రెండు త్రోవలనుండియు నేర్చుకొన్నవారే.

ఇప్పుడు చాంద్రాయణగుట్టకు మరలి, మనమును ఒక చిన్న నమూనా కట్టి చూతము. రోగులు పోవు చోట్లు పది అనుకొందము. రోగి మొదట ఒక చోటికి, పిదప మరల ఆ పదింటిలోనే ఏదో ఒక చోటికి పోవును. ఏ చోటైనను సమానమే అనుకొందము. వివరములు వెంట నడువవలెనన్న ఆ రెండుచోట్లును ఏర్పాటులో చేరి ఉండవలెను. పదింట అయిదు చేరినచో సగము మేలు కలుగునని తోచును. కాని సగములో సగము, అనగా నూటికి 25 ప్రయాణములందే కాగితము అక్కరలేకపోవును. మూడే చేరినచో నూటికి 9. తొమ్మిది చేరినచో 81.

శ్రమ మాత్రము ఇట్లు ఆగి ఆగి రాదు, మొదటి దినముననే వచ్చి కూర్చుండును. నాలుగు గంటలలో 60 మందిని చూచు వైద్యునికి మనిషికి 4 నిమిషములు దక్కును. వివరములు ఎక్కించుటకు ఒక్క నిమిషము చేరినచో ఆయన చూడగలిగినది 48 మందినే. తక్కిన 12 మంది గుమ్మము వద్దనే ఉందురు. మొదటి సంవత్సరము కష్టము నిండుగాను, సుఖము నూటికి తొమ్మిదిగాను కనబడినచో ఏ వైద్యుడైనను విసిగి మానుకొనును. అప్పుడు మరియొక మియాన్‌మీర్ తీర్పు వెలువడును.

అయితే పై నమూనాలో ఒక లోపమున్నది. రోగులు పదిచోట్లకును సమానముగా పోరు. వీధిచివరి దవాఖానా, అక్కడనుండి పరీక్షాశాల, జబ్బు ముదిరినచో పెద్దాసుపత్రి — బర్కస్ వారైనను, కేశవగిరి గుడి దాపున ఉన్నవారైనను నడుచు దారులు కొన్నియే. ఆ దారిలోని మూడు చోట్లను ముందుగా కలిపినచో, ఆ దారిన పోవువారికి లెక్క నూటికి 9 కాదు, దాదాపు నూరే. రాస్ దోమ ఎంతదూరము ఎగురునని అడిగినట్లే, ఇక్కడ మొదట అడుగవలసినది రోగి కాలిబాటను గురించి. ఆ బాటను గుర్తించుటకు యంత్రము అక్కరలేదు. ఒక వారము దవాఖానా గుమ్మమున కూర్చుండి, వచ్చినవారి సంచులలోని కాగితములు ఏయే చోటులవో అడిగి వ్రాసికొన్నచో చాలును.