పులసకు ఎన్ని దారులు?

గోదావరికి ఎర్రనీరు తగలగానే యానాంలో పులస వేలం పాట మొదలవుతుంది. కోనసీమలో దాని కోసం ఏడాదంతా ఎదురుచూసే ఇళ్ళున్నాయి. ఉప్పునీటిలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మంచినీటికి ఎదురీదే ఈ చేప సాల్మన్‌కు మన దగ్గరున్న జోడీ. పసిఫిక్ సాల్మన్లు చాలావరకు గుడ్లు పెట్టి చనిపోతాయి. పులస మాత్రం తిరిగి సముద్రం చేరుతుంది.

ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో గంగానది చేపల గ్రంథంలో ఈ జాతినే వర్ణించాడు. 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. డెల్టాకు అన్నం పెట్టిన కట్టడం అది, ఆ మేలు కాదనలేం. కానీ అలాంటి కట్టలు ఏరెక్కే చేపలకు అడ్డుపడుతున్నాయని మత్స్య శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ డే 1873 నాటికే ప్రభుత్వానికి నివేదించాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1934లో మెట్టూరు డ్యాం వచ్చాక కావేరిలో ఈ చేప వేట కుప్పకూలింది. 1975లో గంగ మీద ఫరక్కా బ్యారేజీ కట్టేశాక, ఒకప్పుడు అలహాబాదు దాటి ఆగ్రా దాకా పోయిన చేప అక్కడ దాదాపు కనుమరుగైంది.

ఇన్నాళ్ళూ చర్చంతా అడ్డుకట్ట చుట్టూనే తిరిగింది. అన్ని చేపలూ ఒకే తీరుగా బతుకుతాయా అన్న ప్రశ్న ఆలస్యంగా వచ్చింది. 1950ల్లో మత్స్య శాస్త్రవేత్త టి.వి.ఆర్. పిళ్ళై హుగ్లీ, చిలికా చేపల శరీర కొలతలు పోల్చి చూశారు. అసలు సాక్ష్యం చేప తలలోని చిన్న చెవిరాయిలో దొరికింది. చేప పెరిగేకొద్దీ ఆ రాయి పొర మీద పొర పేరుస్తుంది, ఆనాటి నీటి రసాయన గుర్తు ఆ పొరలో నిలిచిపోతుంది. మిల్టన్, చెనరీ 2003లో ప్రచురించిన పరిశోధన ఆ పొరల్లోని స్ట్రాన్షియం ఆధారంగా చేపల ప్రయాణాలను వెతికింది. ఏటా ఏరెక్కేవి, ఏటిలోనే ఉండిపోయేవి, సముద్రాన్నే నమ్ముకున్నవి అని శాస్త్రజ్ఞులు ఇప్పుడు ఈ ఒక్క జాతిలోనే మూడు తీరులు చెబుతున్నారు.

ఇలా పలు తీరులు ఉండటం విలువ సాల్మన్ లెక్కల్లో తేటతెల్లమైంది. అలాస్కాలోని బ్రిస్టల్ బేలో వందలాది సాకై సాల్మన్ గుంపులు వేర్వేరు ఏళ్ళు సముద్రంలో గడిపి, వేర్వేరు వాగులకు చేరతాయి. ఒక గుంపుకు కాలం కలిసిరాని ఏడు మరో గుంపు నిండుగా వస్తుంది. అన్నీ ఒకే గుంపైతే ఏటేటి హెచ్చుతగ్గులు రెండు రెట్లకు మించి ఉండేవని షిండ్లర్ బృందం 2010లో తేల్చింది.

గోదావరిలో మనం చేస్తున్నది ఇలా పలు దారులు నిలబెట్టడానికి నేరుగా విరుద్ధం. ధవళేశ్వరం బ్యారేజీ పులస దారిని కురచ చేసింది. ఆ కాస్త దారిలోనూ, జన నిండిన చేపకే ఎక్కువ ధర కాబట్టి, గుడ్లు పెట్టబోయే తల్లులకే వల పడుతోంది. మన సముద్ర వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. పులస ఏరెక్కేది ఆ తర్వాత. బంగ్లాదేశ్, ఈ చేప గుడ్లు పెట్టే అక్టోబరులో 22 రోజులు వేట ఆపి, ఆ రోజుల్లో జాలరి కుటుంబాలకు బియ్యం ఇస్తోంది. వరద తొలి రోజుల్లో అంతర్వేది నుంచి ధవళేశ్వరం దాకా అలాంటి విరామం, జాలర్లకు పరిహారంతో సహా, మన దగ్గరా రావాలి.