నాగరికతల సంఘర్షణ: బారిడీహ్ వైపు నుండి ఒక పరిశీలన

ప్రచ్ఛన్న యుద్ధానంతర ప్రపంచంలో సంఘర్షణలకు మూలం సిద్ధాంతాలో ఆర్థిక ప్రయోజనాలో కాక నాగరికతల భేదాలే అవుతాయని 1993లో ‘ఫారిన్ అఫైర్స్’ పత్రికలో శామ్యూల్ హంటింగ్టన్ ప్రతిపాదించారు. 1996లో ఆ వ్యాసం గ్రంథరూపం దాల్చింది. ఈ వాదాన్ని దేశాల పటం మీద కాక, ఒక కార్మిక నగరపు వీధులలో పరీక్షించి చూడవచ్చు.

జంషెడ్‌పూర్ తూర్పు భాగంలోని బారిడీహ్ అందుకు తగిన స్థలం. పేరు చివరనున్న ‘డీహ్’ ఊరిని సూచించే మాట. భూమిజులు, సంతాలులు, హో తెగవారు నివసించిన ఈ ప్రాంతంలో, 1907లో స్థాపితమైన టాటా ఉక్కు సంస్థ 1912లో తొలి ఉక్కును పోతపోసింది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇక్కడి పట్టాలు మెసపొటేమియాకు చేరాయి. అందుకు గుర్తింపుగానే 1919లో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ సాక్చీకి జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. బెంగాల్ నాగపూర్ రైలుమార్గం వెంట ఉత్తరాంధ్రవారు కూడా పనికై వచ్చారు. బిష్టుపూర్‌లోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరం, కదమాలోని ఆంధ్ర అసోసియేషన్ వారి ఉనికికి సాక్ష్యాలు. 1928 సమ్మెలో సుభాస్ చంద్రబోస్ నాయకత్వం స్వీకరించిన కార్మికులు ఒకే భాషవారు కారు, ఒకే మతంవారూ కారు.

అయితే ఈ నగరం నెత్తురు చూడలేదని చెప్పడం చరిత్రకు అపచారం. 1963 డిసెంబరులో శ్రీనగర్‌లోని హజ్రత్‌బల్ నుండి పవిత్ర చిహ్నం మాయమైంది. దాని పర్యవసానంగా తూర్పు పాకిస్తాన్‌లోని ఖుల్నా ప్రాంతంలో హిందువులపై దాడులు జరిగాయి. 1964 జనవరిలో కలకత్తాలో ముస్లింలపై హింస చెలరేగింది. శరణార్థులను దండకారణ్యం వైపు తీసుకొనిపోయే రైళ్లు ఇదే మార్గాన సాగాయి. వారు చెప్పిన కథలు స్టేషను స్టేషనుకూ వ్యాపించాయి. మార్చి నెలలో జంషెడ్‌పూర్, రూర్కెలాలు మండిపోయాయి. శ్రీనగర్ ఘటనకు ఇక్కడి కార్మికునితో ఏ సంబంధమూ లేదు. రైలూ, వదంతీ ఆ సంబంధాన్ని కల్పించాయి. హంటింగ్టన్ దీనిని నాగరికతల రాపిడి అనవచ్చును. కాని ఆ తరువాత ఏడేళ్లకే, 1971లో, ఒకే మతం గల పాకిస్తాన్ భాష, అధికారాల పేరిట రెండుగా చీలింది. ఆ చీలికను ఆయన పటం సంతృప్తికరంగా వివరించలేదు.

1979 ఏప్రిల్‌లో శ్రీరామనవమి ఊరేగింపు దారి విషయమై తలెత్తిన వివాదం నూరుమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. మృతులలో శాంతికై నిరాహారదీక్ష పట్టిన ఉర్దూ రచయిత జకీ అన్వర్ ఒకరు. ఒక దారి గురించిన తగాదా, దానిని వాడుకొన్న సంస్థలు, సకాలంలో మేల్కొనని పాలనా యంత్రాంగం — ఇవి నాగరికతలు కావు. పాలకులకు ఇది కొంత ఇబ్బంది కలిగించే నిర్ధారణే. ఎందుకంటే నాగరికతను నిందిస్తే ఎవరి బాధ్యతా మిగలదు.

2000 నవంబరు 15న జార్ఖండ్ ఏర్పడిన పిదప ప్రశ్న మరో రూపు దాల్చింది. స్థానికుడు ఎవరు? 1932 నాటి భూమి రికార్డులను ప్రమాణంగా తీసుకొనే బిల్లును 2022లో శాసనసభ ఆమోదించింది. తమ నేల చేజారిన ఆదివాసీకి ఆ తేదీ న్యాయం. భూమికి కాక కొలిమికి వచ్చిన తెలుగువాని మనుమనికి అది పరాయితనం. ఈ వివాదంలో రెండు పక్షాలూ ఒకే వీధిలో, ఒకే కుళాయి వద్ద నిలబడే ఇరుగుపొరుగువారే.