విద్యుత్ గిటారు కథ

విద్యుత్ గిటారును మొదటిసారి చూచిన విద్యార్థికి ఒక సందేహము కలుగుట సహజము. వీణకు కుండ ఉన్నది. తంబురాకు బుర్ర ఉన్నది. మామూలు గిటారుకు గుల్లగా ఉన్న పెట్టె ఉన్నది. తీగ కంపనమును అందుకొని, గాలిని కదిలించి, నాదమును పెద్దది చేసేవి ఇవే. విద్యుత్ గిటారుకు మాత్రము ఒక గట్టి చెక్క తప్ప మరేమీ కనబడదు. అయినను దాని ధ్వని వేలమందికి వినబడుతుంది. ఇది ఎట్లా సాధ్యమైనది?

ఈ ప్రశ్నకు సమాధానము ఏ ఒక్క ప్రయోగశాలలోనూ ఒక్కనాడు దొరకలేదు. భోజనాల బల్లపైన, ఇంటి వసారాలో కొందరు తమ చేతులతో వాద్యములను తయారుచేసి, అవి సరిగా పలుకకపోగా కారణము వెదకి, మరల చేసి సంపాదించిన సమాధానము అది. ఈ వాద్యము చరిత్రలో ప్రతి మెట్టు వద్దనూ ఒక తప్పు, ఆ తప్పును దిద్దిన ఒక శాస్త్ర నియమము కనబడుతవి.

మొదటి తప్పు: గాలిని నమ్ముట

1920 తరువాత అమెరికాలోని నాట్యశాలలలో బాకాలు, డోళ్ల మోత మధ్య గిటారు ధ్వని వినబడేది కాదు. గిటారు ముందు మైకు పెట్టుట అందరికీ తోచిన ఉపాయము. కాని సభలలో మైకు కూత పెట్టుట అందరూ వినే ఉంటారు. లౌడ్ స్పీకరు నుండి వచ్చిన ధ్వని తిరిగి మైకులో ప్రవేశించి, మరింత పెద్దదై బయటకు వచ్చి, మరల ప్రవేశిస్తుంది. గుల్ల గిటారుతో ఈ బాధ రెట్టింపు. లౌడ్ స్పీకరు ధ్వనికి గిటారు పెట్టె కూడ కంపిస్తుంది కదా! కనుక గాలిలోని ధ్వనిని పట్టుటకు బదులు తీగ కదలికనే నేరుగా పట్టవలెనని కొందరికి తోచినది.

అందుకు కావలసిన సూత్రమును మైకేల్ ఫారడే 1831లోనే కనుగొన్నాడు. తీగచుట్ట గుండా పోయే అయస్కాంత క్షేత్రము మారినచో ఆ చుట్టలో విద్యుత్తు పుడుతుంది. అయస్కాంతము సమీపమున ఉక్కుతీగను బిగించినచో అది కూడ కొంత అయస్కాంతత్వమును పొందుతుంది. ఆ తీగ సెకనుకు 220 సార్లు కంపించినచో చుట్టలోని విద్యుత్తు కూడ అదే లెక్కన అటూ ఇటూ మారుతుంది. దానిని పెద్దది చేసి లౌడ్ స్పీకరుకు పంపినచో తీగ స్వరమే వినబడుతుంది.

ఈ సూత్రమును గిటారుకు అన్వయించి విజయము పొందినవారిలో ముఖ్యుడు జార్జి బీచమ్. ఇతడు హవాయి గిటారు వాయించే కళాకారుడు. గ్రామఫోను పికప్‌ను ఒక మామూలు చెక్కకు అమర్చి, ఒక్క తీగతో ఇతడు తొలి పరీక్షలు చేసినాడు. తరువాత లాస్ ఏంజిలిస్‌లోని తన ఇంట్లో భోజనాల బల్లమీద నెలల తరబడి ప్రయత్నించి, రెండు లాడపు అయస్కాంతములు, ఒక తీగచుట్ట, తీగకు ఒకటి చొప్పున ఆరు ధ్రువములు గల పికప్‌ను చేసినాడు. వెంట్రుక వంటి రాగితీగను వేల చుట్లు చుట్టుటకు బట్టలుతికే యంత్రపు మోటారు, కుట్టుమిషను మోటారు పనికివచ్చినవని చెబుతారు. 1931లో ఇతని మిత్రుడు హారీ వాట్సన్ మేపుల్ చెక్కతో దానికి దేహమును చెక్కినాడు. గుండ్రని దేహము, పొడవైన మెడ ఉండుటచేత దానిని జనులు వేపుడు పెనము అన్నారు. అడాల్ఫ్ రికెన్‌బాకర్‌తో కలిసి 1932లో వీటిని అమ్మకానికి పెట్టినారు. పేటెంటు 1937లో లభించినది.

అమ్మకానికి వచ్చిన వాద్యములను అల్యూమినియముతో పోతపోసినారు. లోహము వేడికి వ్యాకోచిస్తుందని ఉన్నత పాఠశాల విద్యార్థికి కూడ తెలుసు. రంగస్థలముపై దీపముల వేడికి ఆ గిటారు శ్రుతి తప్పేది. తరువాత 1935లో బేకలైటు దేహముతో మరొక రకము వచ్చినది.

రెండవ తప్పు: గుల్లను విడువకపోవుట

పికప్ వచ్చినను చాలమంది దానిని పాత గుల్ల గిటారుకే అమర్చినారు. పెట్టె కంపనము, దానివలన కూత పోలేదు. లెస్ పాల్ అనే వాద్యకారుడు బాల్యములోనే ఒక రైలుపట్టా ముక్కపై తీగను బిగించి, టెలిఫోను రిసీవరుతో దాని ధ్వనిని పరీక్షించినాడు. ఆ తీగ చాలసేపు మోగినది. 1941 ప్రాంతమున ఇతడు న్యూయార్కులోని ఎపిఫోన్ గిటారు కర్మాగారములో, సెలవు దినములలో, నాలుగంగుళాల చదరపు పైన్ దుంగకు మెడను, తీగలను, పికప్‌లను అమర్చినాడు. దుంగను చూచి శ్రోతలు ముఖము చిట్లించగా, ఒక గుల్ల గిటారును రెండుగా కోసి, అటొక సగము ఇటొక సగము అతికించినాడు. అవి అలంకారము మాత్రమే.

దీనిలోని సూత్రమును పరీక్షించుటకు రైలుపట్టా అక్కరలేదు. మార్కాపురము పలకరాతికి ప్రసిద్ధము. పుల్లలచెరువు పాఠశాల విద్యార్థులు ఒక మందమైన రాతిబండపై, ఒక పలుచని చెక్కపెట్టెపై ఒకే రకపు ఉక్కుతీగను ఒకే బిగువున కట్టి మీటి చూడవచ్చును. పెట్టెపై తీగ బిగ్గరగా పలికి త్వరగా ఆగిపోతుంది. బండపై తీగ మెల్లగా పలుకుతుంది, కాని ఎక్కువసేపు కంపిస్తుంది. మీటినపుడు తీగకిచ్చిన శక్తి పరిమితము. పెట్టె ఆ శక్తిని త్వరగా గాలికి పంచివేస్తుంది. బండ తీసుకొనేది స్వల్పము. ధ్వనిని పెంచే పని విద్యుత్తు చూచుకొన్నపుడు, తీగలోని శక్తిని దాచుకొనుటే మేలు. రేడియోలు బాగుచేసే లియో ఫెండర్ గిటారు వాయించుట ఎన్నడూ నేర్చుకొనలేదు. ఆయన 1950లో ఇటువంటి గట్టి చెక్క గిటారులను పెద్ద ఎత్తున తయారుచేసి అమ్మనారంభించినాడు.

మూడవ తప్పు: చుట్టుపక్కల విద్యుత్తును మరచుట

తీగచుట్టకు తన తీగ ఏదో, ఇంటి విద్యుత్ సరఫరా ఏదో తెలియదు. మన ఇళ్లకు వచ్చే విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తములతో మారుతుంది. దాని క్షేత్రము చుట్టలో ప్రవేశించి ఝుమ్మను రొదను కలిగిస్తుంది. గిబ్సన్ సంస్థలోని సేత్ లవర్ 1955లో దీనికి ఒక చక్కని ఉపాయము చేసినాడు. రెండు చుట్టలను వ్యతిరేక దిశలలో కలిపి, వాటి అయస్కాంత ధ్రువములను కూడ తారుమారు చేసినాడు. బయటి రొద రెండింటిలోనూ పుట్టి, ఒకదానినొకటి రద్దుచేసుకొంటుంది. తీగ స్వరము విషయములో చుట్టలూ వ్యతిరేకము, ధ్రువములూ వ్యతిరేకము కనుక రెండూ కలిసి బలపడుతవి. రుణ సంఖ్యను రుణ సంఖ్యతో గుణించినచో ధన సంఖ్య వచ్చినట్లే ఇది.

ఇంట్లో పుట్టిన గిటారు

1963 ఆగస్టులో ఇంగ్లండులోని ఫెల్థమ్‌లో 16 ఏళ్ల బ్రయన్ మే, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరయిన తండ్రి హారల్డ్‌తో కలిసి గిటారు చేయ మొదలుపెట్టినాడు. కొనుటకు డబ్బు లేకపోవుటే కారణము. పని సుమారు రెండేళ్లు పట్టినది. మెడకు పాత చలిమంట గూటి చెక్క దొరికినది. దానిలో పురుగులు తొలిచిన రంధ్రములను అగ్గిపుల్లలతో పూడ్చినారు. దేహములో పాత బల్ల చెక్క ఉన్నది. తీగల బిగువును మార్చే అమరికకు మోటారు సైకిలు ఇంజను స్ప్రింగులు, తల్లి అల్లిక సూది పనికివచ్చినవి.

పికప్‌లను కూడ అతడు బొత్తాము వంటి అయస్కాంతములతో స్వయముగా చుట్టినాడు. అవి పలికినవి. కాని వ్రేలితో తీగను పక్కకు లాగినపుడు ఒక వింత రొద వచ్చినది. తీగ ఒక అయస్కాంతము పైనుండి మరొకదానిపైకి జరుగునపుడు ధ్రువముల అమరికవల్ల కలిగిన లోపము అది. చేతితో చేసినదన్న అభిమానమునకు పోక, అతడు వాటిని తీసివేసి బర్న్స్ పికప్‌లను కొని అమర్చినాడు. అంతటితో ఊరకుండక, వాటి చుట్టలు వదులుగా కంపించి కూత పెట్టకుండ అరాల్డైట్ జిగురు నింపినాడు. క్వీన్ అనే సంగీత బృందములో అతడు వాయించిన వాద్యము అదే. 2007లో ఖగోళ భౌతిక శాస్త్రములో డాక్టరేటు పొందినదీ ఇతడే.

మెట్ల లెక్క

ఇంట్లో గిటారు చేసేవారిని ఎక్కువగా మోసగించేది మెట్ల అమరిక. గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలి 16వ శతాబ్దములో ఒక సులభ సూత్రము చెప్పినాడు. మిగిలిన తీగ పొడవులో 18వ వంతు వద్ద తరువాతి మెట్టును పెట్టవలెను. నేటి సరియైన సంఖ్య 17.817. తేడా స్వల్పమే. కాని 648 మిల్లీమీటర్ల తీగపై 12వ మెట్టు సగము వద్ద ఉండవలసి ఉండగా, 18 లెక్కతో అది సుమారు 2.4 మిల్లీమీటర్లు తప్పుతుంది. ఒక్కొక్క మెట్టును దాని ముందు మెట్టు నుండి కొలిచినచో చేతి తప్పులు కూడ ఇట్లే పోగుపడుతవి. అన్నింటినీ తీగ మొదటి నుండియే కొలవవలెను.

మన వీణకు 24 మెట్లు మైనముపై నిలుపుతారు. మైనమును కరిగించి మెట్టును జరుపవచ్చును. గిటారు మెట్టు చెక్కను కోసి దిగగొట్టినది. అక్కడ తప్పు నిలిచిపోతుంది.

పాలకొల్లు పిల్లవాని మాండొలిన్

ఈ విద్య తెలుగునాట మరొక ప్రయోజనమును సాధించినది. 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ ఆరేళ్ల వయసులో తండ్రి సత్యనారాయణ గారి మాండొలిన్‌ను చేతబట్టినారు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి ఆ వాద్యము రాదు. ఆయన పాడితే శిష్యుడు వాయించేవాడు. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవములలో మొదటి కచేరీ జరిగినది.

మామూలు మాండొలిన్‌కు నాలుగు జతల తీగలు. మీటిన స్వరము క్షణములో ఆరిపోతుంది. గమకము పలుకవలెనన్నచో స్వరము నిలవాలి, తీగ వ్రేలికి లొంగాలి. జత తీగలు లొంగవు. ఈ వాద్యము కర్ణాటక సంగీతమునకు పనికిరాదని అనుటకు ఇదే ఆధారము. శ్రీనివాస్ అయిదు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్‌ను స్వీకరించి, ఆ ఆధారమును తొలగించినారు. అమెరికాలో బాకాల మోతను మించుటకు పుట్టిన విద్య ఇక్కడ రాగమును నిలుపుటకు ఉపకరించినది. ఆయన 1998లో పద్మశ్రీ పొందినారు, 2014లో మరణించినారు.

లాడపు అయస్కాంతము, పూత వేసిన సన్నని రాగితీగ, ఉక్కుతీగ, యాంప్లిఫయరు ఉన్న ఏ పాఠశాలలోనైనా ఒంటి తీగ వాద్యమును చేయవచ్చును. మొదటిసారి అది మోగకపోవచ్చును. అపుడు వరుసగా చూడవలసినవి ఇవి: మీటే తీగ ఉక్కుదేనా? రాగితీగ కొనలపై పూతను గీకినారా? చుట్టలో తీగ ఎక్కడైనా తెగినదా? తీగ అయస్కాంతమునకు మరీ దూరముగా ఉన్నదా? కారణము దొరికిన పిమ్మట దానిని ప్రయోగ పుస్తకములో వ్రాసుకొనవలెను. తరువాత చేసేవానికి ఆ పుటయే ఎక్కువ పనికివస్తుంది.