వంగే పొరలో వేడి నుంచి విద్యుత్తు: పాలిమర్ మిశ్రమాల పుట్టుపూర్వోత్తరాలు

ఒక కొన వేడిగా, మరో కొన చల్లగా ఉన్న పదార్థంలో కొద్దిపాటి వోల్టేజి పుడుతుంది. 1821లో థామస్ సీబెక్ రెండు వేర్వేరు లోహాలను వలయంగా కలిపి ఒక అతుకును వేడిచేస్తే పక్కనున్న దిక్సూచి ముల్లు కదిలింది. అది అయస్కాంత ప్రభావమని ఆయన అనుకున్నారు. అసలు కారణం విద్యుత్ ప్రవాహమని శాస్త్రవేత్త ఎర్‌స్టెడ్ తేల్చారు.

లోహాల్లో పుట్టే వోల్టేజి చాలా స్వల్పం. 1954లో బిస్మత్ టెల్యురైడ్ వెలుగులోకి వచ్చాకే ఈ విద్య పనికొచ్చే దశకు చేరింది. కానీ అది పెళుసు, పైగా టెల్యూరియం అరుదైన మూలకం. రోదసిలో మాత్రం గట్టి పదార్థాలకు ఎదురులేదు. 1977లో బయల్దేరిన వాయేజర్ నౌకలకు ప్లుటోనియం వేడిని విద్యుత్తుగా మార్చి ఇచ్చేది సిలికాన్-జర్మేనియం. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న శ్రీహరికోట నుంచి 2023 జులై 14న వెళ్లిన చంద్రయాన్-3 ప్రొపల్షన్ మాడ్యూల్‌లోనూ ఒక్కో వాట్ వేడినిచ్చే రెండు రేడియో ఐసోటోప్ హీటర్లు ఉన్నాయి. అవి ఇచ్చేది వేడి మాత్రమే. దాన్ని విద్యుత్తుగా మార్చాలంటే ఉష్ణవిద్యుత్ పదార్థం కావాలి.

వాయేజర్లు వెళ్లిన ఆ 1977లోనే ప్లాస్టిక్ కథ మలుపు తిరిగింది. అంతకు పదేళ్ల ముందు టోక్యోలో హిడెకి షిరకావా పనిచేస్తున్న ప్రయోగశాలలో ఒకరు ఉత్ప్రేరకాన్ని పొరపాటున వెయ్యి రెట్లు ఎక్కువ కలిపారు. నల్లటి పొడి రావాల్సిన చోట వెండిలా మెరిసే పాలీఎసిటిలీన్ పొర వచ్చింది. తర్వాత షిరకావా శాస్త్రవేత్తలు మాక్‌డయర్మిడ్, హీగర్‌లతో కలిసి ఆ పొరకు అయొడిన్ ఆవిరి పట్టిస్తే దాని వాహకత కోటి రెట్ల మేర పెరిగింది. అయొడిన్ పాలిమర్ గొలుసు నుంచి ఎలక్ట్రాన్లను లాగేసుకుంటుంది, మిగిలిన ఖాళీలు గొలుసు వెంట కదులుతాయి. డోపింగ్ అంటే ఇదే. ఈ ముగ్గురికీ 2000లో రసాయన శాస్త్ర నోబెల్ దక్కింది. పాలీఎసిటిలీన్ మాత్రం గాలి తగిలితే పాడవుతుంది. నిలకడైన పెడాట్ అనే వాహక పాలిమర్ 1980ల చివర్లో జర్మనీలోని బేయర్ కంపెనీలో తయారైంది. దానికి పీఎస్ఎస్ అనే మరో పాలిమర్‌ను జోడించాక నీటిలో కలిసే ముదురు నీలిరంగు ద్రవమైంది. అలా డోపింగ్ చేసే పదార్థమే పాలిమర్‌గా ఉన్న మిశ్రమం పుట్టింది. మొదట్లో దాన్ని ఫొటో ఫిల్ములపై స్థిర విద్యుత్తు చేరకుండా పూతగా వాడారు.

పెడాట్ వంటి పాలిమర్ ఉష్ణవిద్యుత్ పదార్థంగా మారడంలో ఒక చిక్కు ఉంది. పదార్థం మంచి వాహకం కావాలి, ఒక్కో డిగ్రీ తేడాకు ఎక్కువ వోల్టేజి ఇవ్వాలి, వేడిని మాత్రం పోనివ్వకూడదు. ఈ మూడింటినీ కలిపి చెప్పే కొలమానం జెడ్‌టీ. గది ఉష్ణోగ్రత దగ్గర బిస్మత్ టెల్యురైడ్‌కు అది దాదాపు 1. పాలిమర్లు వేడిని సహజంగానే ఆపుతాయి. అయితే డోపింగ్ పెంచితే వాహకత పెరుగుతుంది, వోల్టేజి పడిపోతుంది. 2011లో స్వీడన్‌లోని లింషోపింగ్ విశ్వవిద్యాలయంలో బుబ్నోవా, క్రిస్పిన్ బృందం డోపింగ్‌ను జాగ్రత్తగా నియంత్రించి పెడాట్‌లో 0.25 సాధించింది. 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పైప్ బృందం పెడాట్-పీఎస్ఎస్ పొరను ఇథిలీన్ గ్లైకాల్‌లో ముంచి, పని లేని పీఎస్ఎస్‌ను కడిగేసి 0.42కు చేర్చింది. కలిపినదాన్ని కొంత తీసేయడం వల్లే ఫలితం మెరుగుపడడం గమనించదగ్గ విషయం.

మరో రకం మిశ్రమాల దారి వేరు. సాధారణ ప్లాస్టిక్‌లో కొంచెం వాహక పాలిమర్ కలిపినా అది సన్నని దారుల్లా అల్లుకుంటే విద్యుత్తు పోతుంది, పొర వంగుతుంది, ఖర్చు తగ్గుతుంది. 2024లో చైనీస్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ శాస్త్రవేత్తలు రెండు వాహక పాలిమర్లను కొన్ని నానోమీటర్ల మందంలో పొర మీద పొరగా పేర్చారు. మధ్యనున్న సరిహద్దులు వేడిని చెదరగొట్టాయి, విద్యుత్తుకు అంతగా అడ్డుపడలేదు. 368 కెల్విన్, అంటే దాదాపు 95 డిగ్రీల సెల్సియస్ వద్ద జెడ్‌టీ 1.28 వచ్చింది. వంగే ప్లాస్టిక్ బిస్మత్ టెల్యురైడ్ సరసన నిలబడింది.

ఇంకా తేలాల్సినవి ఉన్నాయి. పరికరానికి ఖాళీలు కదిలే పాలిమర్‌తో పాటు ఎలక్ట్రాన్లు కదిలేదీ జతగా కావాలి. ఈ రెండో రకం గాలిలోని ఆక్సిజన్, తేమ తగిలితే త్వరగా క్షీణిస్తుంది. పీఎస్ఎస్ తేమను పీల్చుకుంటుంది కూడా. అప్పుడు అందులోని అయాన్లు కదిలి వోల్టేజి అమాంతం పెరిగినట్టు కనిపిస్తుంది, కాసేపటికి తగ్గిపోతుంది. పులికాట్ వంటి ఉప్పుగాలి తీరంలో చర్మం వేడితో నడిచే పట్టీ పనిచేయాలంటే దాని చుట్టూ తేమ చొరబడని తొడుగు ఉండాలి, ఆ తొడుగు కూడా పొరతో పాటు వంగాలి.