విశ్రాంతి నుండి వ్యాయామమునకు

సిరిసిల్ల మరమగ్గముల మ్రోత, జగిత్యాల, కోరుట్ల వాకిండ్లలో బీడీలు చుట్టు స్త్రీల చేతివడి మనమెరిగినవే. అట్టి కష్టజీవుల ఇంట నొకరికి పెద్దలు రాచపుండనెడి క్యాన్సరు వచ్చినచో, “కదలక పడుకొనుము” అనుట ఇంటివారి మొదటి మాట. వైద్యులును చిరకాలము ఇదే చెప్పిరి. ఆ మాట మారిన చరిత్ర మనము తెలిసికొనదగినది.

కంఠమునందలి థైరాయిడు గ్రంథి దేహమునకు పొయ్యిలోని మంట వంటిది. అది మందగించినచో చలి, మలబద్ధకము, తీరని అలసట కలుగును. 1891లో ఇంగ్లండున జార్జి ముర్రే అను వైద్యుడు గొర్రె థైరాయిడు రసమును సూదిమందుగా నొక స్త్రీకిచ్చెను. ఆమె కోలుకొని మరి 28 ఏండ్లు జీవించెను. 1914లో అమెరికాలో కెండల్ ఆ గ్రంథి స్రావమైన థైరాక్సినును వేరుచేసెను.

క్యాన్సరు చికిత్స వేరు దారిని నడచినది. హైదరాబాదులో 1955లో మెహదీ నవాజ్ జంగ్ పూనికతో క్యాన్సరు ఆసుపత్రి వెలసినది. రెండు దారులును రోగి మెడకడ కలిసినవి. మెడకు కిరణచికిత్స జరిగిన కొందరికి నెలలకో, ఏండ్లకో థైరాయిడు మందగించును. దేహరక్షణశక్తిని రేపు కొత్త మందుల వలనను అట్లే జరుగవచ్చును. “జబ్బు నీరసమేలే” అని ఇల్లు ఊరకున్న చోట, మందుకు లొంగు లోపమే దాగియుండవచ్చును.

ఇక వ్యాయామము. 1980ల దశకమున అమెరికాలో విన్నింగ్‌హామ్, మెక్‌వికార్ అను పరిశోధకులు రొమ్ము క్యాన్సరు చికిత్సలోనున్న స్త్రీలచే నిలుకడ సైకిలు త్రొక్కించిరి. వారి ఓపిక పెరిగెను, వికారము తగ్గెను. 2025లో వెలువడిన పరిశోధన మరింత బలమైనది. పెద్దప్రేవు క్యాన్సరుకు శస్త్రచికిత్స, మందుల చికిత్స ముగిసిన 889 మందిని రెండు జట్లు చేసిరి. మూడేండ్లు శిక్షకుల తోడుతో వ్యాయామము చేసినవారిలో ఎనిమిదేండ్లకు నూటికి 90 మంది జీవించియుండిరి. ఆరోగ్య పుస్తకములు మాత్రమే పొందినవారిలో 83 మంది.

అయినను వ్యాయామము చెడిన థైరాయిడును బాగుచేయునని భ్రమపడరాదు. అది థైరాక్సిను మాత్రకు బదులు కాదు. మరమగ్గము ముందు నిలుచుటయు, బీడీలు చుట్టుచు గంటల కొలది కూర్చుండుటయు వ్యాయామమునకు బదులు కావు. చికిత్స పొందినవారు అలసట విడువనిచో వైద్యునడిగి థైరాయిడు రక్తపరీక్ష చేయించుకొనవలెను. ఆయన అనుమతించినచో సాయంవేళ చెరువుగట్టుపై నెమ్మదిగా నడువవలెను. “పడుకొనుము” అను ఇంటివారు, వెంట నాలుగడుగులు నడచినచో ఆ ప్రేమయే మందునకు తోడగును.